మనిషికి లక్ష దాటకూడదన్నది ఎవరు?

టెక్సాస్‌లో డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి ఒక సోదరి మార్చిలో రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, కుదించి చెబుతున్నాను.

ఆమెకు ఆగస్టు మూడో వారంలో రెండో కాన్పు. తెనాలి నుంచి అమ్మా నాన్నా రావాలి. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. వీసాలు వచ్చాయి, టికెట్ల దగ్గరే పని ఆగింది. నాన్నగారు రిటైర్డ్ టీచర్. "అల్లుడి డబ్బుతో విమానం ఎక్కను. మా టికెట్లు నేనే కొంటాను. మనిషికి లక్ష దాటితే మాత్రం రాము" అని తేల్చేశారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, తెలుగు తప్ప మరో భాష రాదు. విజయవాడలో బాబాయికి తెలిసిన ట్రావెల్ ఏజెంట్ హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్‌కు, రానూపోనూ మనిషికి 1,38,000 చెప్పాడు. ఆమె భర్త రాత్రుళ్లు కూర్చుని వెతికి 1,04,000కి ఒక దారి పట్టుకున్నాడు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా ఒక టికెట్, అక్కడినుంచి డల్లాస్‌కు వేరే కంపెనీలో ఇంకో టికెట్, మధ్యలో నాలుగున్నర గంటలు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడేమో మంగళవారం అర్ధరాత్రి ఇన్‌కాగ్నిటోలో (వెతికినవి గుర్తుపెట్టుకోని బ్రౌజర్ కిటికీలో) చూస్తే రేట్లు తగ్గుతాయంటాడు. డల్లాస్ మీదుగా ఆస్టిన్ దాకా తీస్తే ఇంకా తక్కువ పడుతోంది, డల్లాస్‌లోనే దిగిపొమ్మన్నదీ అతనే. భర్త స్నేహితుడి సలహా వేరు: ఇప్పుడు రావడానికి మాత్రం కొనండి, తిరుగు టికెట్ తర్వాత చూసుకోవచ్చు. నెల రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. "మా ఆయనకు మా అమ్మ మోకాళ్ల కంటే ముప్పై నాలుగు వేలు ఎక్కువైపోయాయి. నేను తప్పుగా అనుకుంటున్నానా?" అని అడుగుతున్నారు.

ఆ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అవును, కొంచెం తప్పుగానే అనుకుంటున్నారు. మీ ఉత్తరం మీరే మరోసారి చదవండి. లక్ష అనే గీత గీసింది మీవారు కాదు, మీ నాన్నగారు. ఉద్యోగం నుంచి వచ్చి, పెద్దబాబును నిద్రపుచ్చి, ఆ గీతకు దగ్గరగా వచ్చే టికెట్ కోసం అర్ధరాత్రి దాకా వెతుకుతున్న మనిషిని మీరు పిసినారి అంటున్నారు. ఆయన మామగారి మాట నిలబెట్టాలని చూస్తున్నారు. అందుకోసం ఎంచుకున్న దారి మాత్రం బాగాలేదు. ఈ రెండూ వేర్వేరు విషయాలు. కలిపి పోట్లాడితే రెండూ తెగవు.

ఇక ఆ ఫ్రాంక్‌ఫర్ట్ దారి. అందులో ఉన్న చిక్కు నాలుగున్నర గంటలు సరిపోతాయా లేదా అన్నది కాదు. రెండు వేర్వేరు టికెట్లంటే మొదటి విమానం కంపెనీ బాధ్యత ఫ్రాంక్‌ఫర్ట్‌తో అయిపోతుంది. సామాను అక్కడిదాకానే ట్యాగ్ చేస్తారు. దాన్ని తీసుకుని మళ్లీ చెక్ ఇన్ చేయాలంటే ఇమిగ్రేషన్ దాటి బయటకు రావాలి. అంటే జర్మనీలోకి అడుగు పెట్టినట్టే. దానికి షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు ఉమ్మడిగా ఉండే వీసా కావాలి. అమెరికా వీసా ఉన్నవారికి జర్మనీలో ఇచ్చే సడలింపు ఎయిర్‌పోర్టు లోపలే ఒక విమానం నుంచి ఇంకోదానికి మారేవాళ్లకు, బయటకు రావడానికి అది పనికిరాదు. ఈ సంగతి మీ అమ్మానాన్నలకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాదు, శంషాబాద్ చెక్ ఇన్ కౌంటర్ దగ్గరే తెలుస్తుంది. అక్కడ పాస్‌పోర్టు, వీసా, టికెట్ చూసి, దారిలో ఏ దేశానికి ఏ కాగితం కావాలో సరిచూసుకుంటారు. లేకపోతే ఎక్కనివ్వరు. రెండు టికెట్లు విడివిడిగా కొన్నా సామాను చివరిదాకా పంపే కంపెనీలు కొన్ని ఉన్నాయి కానీ, కౌంటర్‌లో ఉన్నవారు ఒప్పుకుంటేనే. మొదటిసారి వెళ్లే ఇద్దరు పెద్దవాళ్లను అలాంటి నమ్మకం మీద పంపకూడదు. పైగా మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే అది 'నో షో', అంటే ప్రయాణికుడు రాలేదన్న లెక్క. రెండో కంపెనీకి మీతో సంబంధం లేదు, అప్పటికప్పుడు కొత్త టికెట్ కొనాల్సిందే. వీల్‌చైర్ సాయం కూడా ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర తెగి, మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది.

ఇదంతా మీవారికి "చూశావా, నేను చెప్పలా" అన్నట్టు కాకుండా, వీసా సంగతి ఒక్కటే చెప్పండి. అంతవరకు చాలు, ఆ టికెట్ పక్కకు పోతుంది. అతని శ్రమ వృథా కాదు, వెతికే ఓపిక ఉన్న మనిషి మీ ఇంట్లో ఉన్నాడు. దాన్ని సరైన చోట వాడుకుందాం.

మీ తమ్ముడు చెప్పిన మంగళవారం మాట ఊళ్లో అందరూ అనేదే. ఒక విమానంలో ఎకానమీ సీట్లన్నిటికీ ఒకే ధర ఉండదు. వాటిని అక్షరాల పేర్లతో తరగతులుగా విడగొట్టి, ఒక్కో తరగతికి ఒక్కో ధర, ఒక్కో రకం షరతులు పెడతారు. తక్కువ తరగతిలో సీట్లు అయిపోతే పైదానికి వెళుతుంది. అమ్మకాలు నెమ్మదిస్తే కంపెనీ కింది తరగతిని మళ్లీ తెరవచ్చు. అది ఏ వారమైనా, ఏ పూటైనా జరగవచ్చు. మీరు పదిసార్లు వెతికారని రేటు పెంచరు. నిన్న చూసిన ధర ఇవాళ లేదంటే చాలాసార్లు ఆ సీటు ఇంకెవరో కొన్నారని అర్థం. ఇన్‌కాగ్నిటోలో చూసుకుంటే నష్టమేం లేదు, లాభమూ లేదు.

ఈ తరగతుల లెక్క తెలిస్తే మాత్రం ఒక నిజమైన లాభం ఉంది. ఇద్దరికి కలిపి వెతికినప్పుడు, కింది తరగతిలో ఒక్క సీటే మిగిలి ఉంటే, ఇద్దరికీ పై తరగతి ధరే చూపిస్తుంది. అందుకే అదే విమానం, అదే తేదీ ఒకసారి ఒక్కరికి పెట్టి చూడండి. తేడా కనిపిస్తే ఒకరికి ఆ ధర, ఇంకొకరికి ఈ ధర పెట్టి విడివిడిగా కొనవచ్చు. కొన్నాక కంపెనీకి ఫోన్ చేసి రెండు పీఎన్‌ఆర్‌లనూ జత చేయమనాలి. అప్పటికీ రేపు విమానం రద్దయితే ఇద్దరినీ చెరో దాంట్లో వేసే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. రెండు మూడు వేల కోసమైతే వద్దు. పదిహేను వేలు మిగిలితే ఆలోచించవచ్చు.

ఆస్టిన్ కిటుకు గురించి. ఆశ్చర్యంగా, వెళ్లేటప్పుడు అది పనిచేసినట్టే ఉంటుంది. అమెరికాలో మొదట దిగిన చోటే దాదాపు అందరూ సామాను తీసుకుని కస్టమ్స్ దాటాలి కాబట్టి, డల్లాస్‌లో పెట్టెలు చేతికి వస్తాయి. కానీ ఆస్టిన్ విమానం ఎక్కలేదని తెలియగానే ఆ టికెట్‌లో మిగిలిన ప్రయాణమంతా రద్దయిపోతుంది, తిరుగు ప్రయాణంతో సహా. డిసెంబర్‌లో మీ నాన్నగారు ఎయిర్‌పోర్టుకు వెళితే వారి పేరు మీద టికెట్ ఉండదు. రానూపోనూ టికెట్‌తో ఈ ఆట ఆడకూడదు.

ఇప్పుడు ఎక్కడ తగ్గించవచ్చో చూద్దాం. డల్లాస్‌కు మధ్యలో ఒక్కసారే మారి వెళ్లే దారులు హైదరాబాద్ నుంచి ఒకటి కాదు. దోహా మీదుగా ఖతార్, దుబాయ్ మీదుగా ఎమిరేట్స్, లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సా. ఏజెంట్ మీకు చెప్పింది ఒక్కటే. ఫ్రాంక్‌ఫర్ట్ అయినా లండన్ అయినా ఒకే టికెట్ మీద వెళుతూ అమెరికా వీసా ఉన్నవాళ్లకు ట్రాన్సిట్ వీసా మినహాయింపు ఉంటుంది. అయినా డబ్బు కట్టేముందు ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి, ఈ నిబంధనలు మారుతుంటాయి. న్యూయార్క్‌లోనో షికాగోలోనో మళ్లీ మారే రెండు స్టాపుల టికెట్లు తక్కువకు దొరకవచ్చు. కానీ అక్కడ సామాను తీసి, మళ్లీ ఇచ్చి, టెర్మినల్ మారి పరుగెత్తాలి. అమ్మగారి మోకాళ్లకు అది పడదు.

గూగుల్ ఫ్లైట్స్‌లో తేదీల పట్టిక తెరిచి, వెళ్లే రోజు అడ్డంగా, వచ్చే రోజు నిలువుగా పెట్టి చూడమనండి మీవారిని. ఏ ఒక్క తేదీకో మొండిగా కూర్చుంటే తెలియదు, ఆ పట్టికలో చూస్తే రెండు రోజులు అటూ ఇటూ జరిపితే ఎంత తేడా వస్తుందో కళ్లకు కడుతుంది. తర్వాత మీకు నచ్చిన రెండు మూడు తేదీలకు అలర్ట్ పెట్టి ఊరుకోవచ్చు, రోజూ రాత్రి జాగారం అక్కర్లేదు.

తేదీల్లో మీ విషయంలో అసలు సంగతి ఇది. జులై చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మన పిల్లలు చదువులకు అమెరికా బయలుదేరే రోజులు. ఎండాకాలం సెలవులకు ఇండియా వెళ్లిన కుటుంబాలు బడులు తెరిచేలోపు తిరిగొచ్చేదీ అప్పుడే. హైదరాబాద్ నుంచి అమెరికా వైపు అంతటి రద్దీ మళ్లీ జనవరి మొదట్లోనే. మీరు ఆగస్టు మొదటి వారం అనుకుంటున్నారు, సరిగ్గా ఆ మధ్యలో పడ్డారు. జులై మొదటి పది రోజుల్లో చూడండి. కాన్పు నాలుగు వారాలు ముందే వచ్చినా అమ్మ మీ దగ్గరే ఉంటుంది, అది టికెట్ ధర కంటే పెద్ద లాభం. తిరుగు ప్రయాణానికి డిసెంబర్ రెండో వారం నుంచి క్రిస్మస్ దాకా అమెరికా నుంచి మనవైపు వచ్చే విమానాలు కిటకిటలాడతాయి. నాన్నగారు సంక్రాంతికి ఇంట్లో ఉండాలంటున్నారు కదా. నవంబర్ చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ అయిపోయాక, డిసెంబర్ మొదటి వారంలోపు పెట్టుకుంటే సంక్రాంతికి నెల ముందే ఇల్లు చేరతారు, ధరా దిగుతుంది. ఇమిగ్రేషన్‌లో సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు, ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే ఐ-94 రికార్డులో పడిన తేదీ చూసుకోవాలి. జులై మొదట్లో వచ్చినవాళ్లకు డిసెంబర్ మొదటి వారమంటే ఇబ్బంది లేదు.

మీరు అసలు చూడనిది చెన్నై. తెనాలి చెన్నై మెయిన్ లైన్ మీద ఉంది, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చెన్నై. నేను చెప్పిన నాలుగు కంపెనీలూ చెన్నై నుంచి కూడా నడుస్తాయి. హైదరాబాద్ కంటే తగ్గితే అదీ ఒక దారి, కాకపోతే శంషాబాద్‌లో సాగనంపడానికి మీ తమ్ముడు ఉంటాడు, చెన్నైలో ఎవరున్నారో మీరే ఆలోచించుకోవాలి. ఇటువైపు హ్యూస్టన్ కూడా చూడండి. మీ ఇంటికి కారులో నాలుగైదు గంటల దారి. విమానం మారే శ్రమ పెద్దవాళ్లకు పెట్టడం కంటే, ఆ డ్రైవింగ్ శ్రమ మీవారు పడటం మేలు. ఆయన్ని అడిగి చూడండి, బహుశా సంతోషంగా ఒప్పుకుంటారు.

విమానం దొరికాక ఎక్కడ కొనాలి? వెతకడానికి ఏ సైటైనా సరే, కొనడం మాత్రం వీలైనంతవరకు కంపెనీ సొంత సైట్‌లోనే. మధ్యలో ఉన్న సైట్‌లో కొంటే, రేపు టైమింగ్ మారినా రద్దైనా కంపెనీ "మీరు కొన్నచోట అడగండి" అంటుంది, వాళ్లేమో ఫోన్ ఎత్తరు. అమెరికాకు వచ్చే విమానాలకు ఇంకో సదుపాయం ఉంది. ప్రయాణానికి వారం, అంతకంటే ఎక్కువ గడువు ఉండి, కంపెనీ దగ్గర నేరుగా బుక్ చేస్తే, 24 గంటల్లోపు జరిమానా లేకుండా రద్దు చేసుకోనివ్వడమో, డబ్బు కట్టకుండా ఆ ధరను 24 గంటలు పట్టి ఉంచడమో చేయాలని అమెరికా రవాణా శాఖ నిబంధన. కంపెనీ అమెరికా సైట్‌లో ఈ రెండింటిలో ఏది ఇస్తోందో చదివి కొంటే, ఒక రోజు నిమ్మళంగా ఇంట్లో మాట్లాడుకునే వీలుంటుంది. కాకపోతే డాలర్లలో చూపిస్తే, ఇండియా కార్డుతో కట్టేవాళ్లకు విదేశీ లావాదేవీ చార్జీ పడుతుంది. దాన్నీ కలిపి లెక్కేయండి.

బాబాయి చెప్పిన ఏజెంట్‌ను కొట్టిపారేయకండి. నాన్నగారికి ఫోన్‌లో తెలుగులో మాట్లాడే మనిషి ఉండటం విలువైన విషయమే. మొదట 1,38,000లో ఏమేం ఉన్నాయో అడగండి. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు వస్తాయా? బాలింత సామాను, పచ్చళ్లు, పొడులు అంటే ఒక పెట్టె చాలదు, అదనపు పెట్టెకు అక్కడికక్కడ కట్టే డబ్బుతో మిగిలిందంతా పోతుంది. తేదీ మార్చుకుంటే ఎంత, రద్దు చేసుకుంటే ఎంత? ఇది గ్రూప్ ఫేరా? గ్రూప్ ఫేర్, అంటే ఏజెంట్ గుంపుగా తీసుకున్న సీట్ల ధర అయితే సాధారణంగా తేదీ మార్పూ ఉండదు, డబ్బు వాపసూ రాదు. ఈ వివరాలు వాట్సాప్‌లో రాతగా తీసుకోండి. డబ్బు కట్టాక పీఎన్‌ఆర్ ఒక్కటీ చూసి సరేననుకోకండి, సీటు పట్టి ఉంచినా పీఎన్‌ఆర్ వస్తుంది. 13 అంకెల టికెట్ నంబరు కావాలి. ఖతార్‌దైతే 157తో, ఎమిరేట్స్‌దైతే 176తో మొదలవుతుంది. అది కంపెనీ సైట్‌లో కనిపిస్తేనే టికెట్ ఇష్యూ అయినట్టు.

ఇప్పుడు ఒకవైపు మాత్రం కొనడం గురించి. దానివల్ల చేతిలో స్వేచ్ఛ ఉంటుంది, అది నిజం. కానీ గల్ఫ్, యూరప్ కంపెనీల్లో చాలాసార్లు ఒకవైపు టికెట్ రానూపోనూ ధరలో సగం కంటే బాగా ఎక్కువ ఉంటుంది. తిరుగు టికెట్ అక్టోబర్‌లోనో నవంబర్‌లోనో కొనాల్సి వస్తే అప్పటికి డిసెంబర్ రద్దీ మొదలై ఉంటుంది. డల్లాస్‌లో ఇమిగ్రేషన్ అధికారి ఎప్పుడు తిరిగి వెళతారని అడిగినప్పుడు చూపించడానికి కాగితం ఉంటే అమ్మగారికీ ధైర్యం. కాన్పు ప్రయాణాల్లో ఎప్పుడూ మారేది తిరుగు తేదీయే, బిడ్డకు ఒంట్లో బాగాలేదనో, ఊళ్లో ఎవరికో బాగాలేదనో. అందుకని కొన్ని కంపెనీలు వెళ్లే దారికి చౌక రకం, వచ్చే దారికి తేదీ మార్చుకోగలిగే రకం కలిపి ఇస్తాయి. అలా దొరికితే ఆ కాస్త ఎక్కువ కట్టడం నాకు సబబుగానే తోస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా లక్షకు దిగకపోవచ్చు. అప్పుడు మిగిలేది నాన్నగారి మాట. మూడు దారులున్నాయి. మీవారు పై డబ్బు ఏజెంట్‌కు గుట్టుగా పంపి, నాన్నగారికి లక్షే అని చెప్పించడం ఒకటి. ఆ ఏజెంట్ బాబాయికి స్నేహితుడు. తెనాలి, విజయవాడ మధ్య ఈ సంగతి పది రోజులు దాగదు, తెలిసిన రోజున మీ నాన్నగారు మీవారి ముఖం చూడటానికి నొచ్చుకుంటారు. రెండోది, లక్ష దాటింది కాబట్టి వద్దనుకుని అమ్మ ఒక్కరినే పంపడం. భాష రాని మనిషి ఒంటరిగా రావాలి, నాన్నగారు తెనాలిలో ఐదు నెలలు వంట చేసుకోవాలి. వినడానికే బాగాలేదు కానీ, పంతానికి పోతే పెద్దవాళ్లు ఇదీ అంటారు.

మూడోది ఉన్నది ఉన్నట్టు చెప్పడం. మీ నాన్నగారు లక్ష అన్నప్పుడు ఆయనకు ఫ్రాంక్‌ఫర్ట్ తెలియదు, షెంగెన్ తెలియదు. ఎవరో తమకు వచ్చిన రేటు చెప్పి ఉంటారు, ఆయన దాన్ని పట్టుకున్నారు. లెక్కల్లో ఆరితేరిన పెద్దమనిషి, వివరం ముందు పెడితే ఆయనే లెక్కేసుకుంటారు. ఫోన్ మీరు కాదు, మీవారి చేత చేయించండి. "మామయ్యగారూ, టికెట్లు మీరే కొనండి. నేను నాలుగు దారులు చూశాను, ఏది ఎంతో చెబుతాను, మీరు తేల్చండి" అని. టికెట్ డబ్బు ఆయనది, ఇక్కడి ఇన్సూరెన్స్, మందులు మీది అని పంచుకుంటే ఇద్దరి మర్యాదా నిలుస్తుంది. మీవారి కార్డులో పాయింట్లు ఉంటే వాటితో ఒక టికెట్ వస్తుందేమో కూడా చూడమనండి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ పాయింట్లైన ఏవియోస్‌ను ఖతార్‌కు మార్చుకునే వీలుంది. పాయింట్లంటే డబ్బు కాదుగా అని నాన్నగారు మెత్తబడే అవకాశం ఉంది. పన్నులు ఎలాగూ కట్టాలి, అవి ఆయనకే వదిలేయండి.

ఆయన అన్నీ విని కూడా లక్ష మీదే నిలబడితే, జులైకి బదులు జూన్ చివరో, చెన్నైయో, హ్యూస్టనో ఏదో ఒకచోట సర్దుకోవాలి. ఏది వదులుకుంటారో ఆయన్నే అడగండి. ఆయన పెట్టిన షరతు భారం మీవారి మీద పడి, దాని కోపం మీ ఇద్దరి మధ్య తిరగడం మాత్రం ఇకనైనా ఆగాలి.

చివర్లో చిన్నగా రాశారు, అమ్మగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందని. చిన్న విషయం కాదది. ఇలాంటివారికి అమెరికా వీసాలో పేరు మొత్తం ఇంటిపేరు గడిలో వేసి, పేరు గడిలో 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని రాస్తారు. టికెట్ మీద మాత్రం ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా రాయమంటుంది. ఒకరు అదే పేరు రెండుసార్లు వేయమంటారు, ఇంకొకరు ఎఫ్‌ఎన్‌యూ అనే వేయమంటారు. కొనేముందు ఆ కంపెనీకే ఫోన్ చేసి, అడిగిన తేదీ, చెప్పిన మాట రాసిపెట్టుకోండి. నాన్నగారిది కూడా ఇంటిపేరు పొట్టిగా కాకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం పూర్తిగా కొట్టాలి. వీల్‌చైర్ కూడా బుకింగ్ అప్పుడే ఇద్దరికీ అడిగేయండి, దానికి డబ్బు తీసుకోరు. నాన్నగారు నాకెందుకంటారు. అడగండి, అప్పుడే సాయం చేసేవాళ్లు ఇద్దరినీ కలిపి తీసుకెళతారు.